జామచెట్టుకు ఒప్పుకోని వదిన

తను రాసిన కథలోని మోదుగ చెట్టును కొట్టెయ్యమని పెద్దలు కలం చేతికిస్తే, మా వదిన చెట్టును ఉండనిచ్చి తన పేరును కొట్టేసింది.

మొన్న బిలాస్‌పూర్‌ రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంట్లో మనవరాలికి ఆ కథ చదివి వినిపిస్తే, "అచ్ఛా, ఇందులో తప్పేటుంది తాతా?" అంది. తెలుగు చదవడం రాని పిల్ల, వినడం మాత్రం శ్రద్ధగా వింటుంది. తప్పేమిటో చెప్పాలంటే ఇదే ఊళ్లో నలభైలనాటి రైల్వే క్వార్టర్లకు వెళ్లాలి. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చిన మా కుటుంబాలకు చేత్తో రాసుకునే పత్రిక ఒకటుండేది. ఒకే ప్రతి ఇల్లిల్లూ తిరిగేది, చదివిన ఇంటి యజమాని చివరి కాగితంలో తన గడిలో సంతకం పెట్టి పక్కింటికి పంపేవాడు. ఆ తర్వాత పత్రికాఫీసుల్లోనే జుట్టు నెరసిన నాకు మొదటి కొలువు ఆ ప్రతిని అందంగా రాయడమే.

వదిన కథలో ఒక రైలు గార్డు భార్య, మొగుడు డ్యూటీకి వెళ్లిన మధ్యాహ్నం పెరటి గుమ్మంలో నిలబడి, ఆకు ఒక్కటీ లేకుండా ఒళ్లంతా ఎర్రగా పూసిన మోదుగను చూస్తుంది. అంతే. కానీ మా అన్నయ్య గార్డు కావడంతో ఆ పూత ఎవరిదో, ఎవరికోసమో అందరికీ తెలిసిపోయింది.

"జామచెట్టు పెట్టమ్మా, నష్టమేటి?" అన్నారు పత్రిక నడిపే సంఘం పెద్దాయన.

"జామకి ఆకులుంటాయి బాబూ. అది కూడా ఆకులన్నీ రాల్చీసి పూసిన్నాడు జామచెట్టే రాస్తాను."

ఇంటి కోడలి పేరుతో ఇలాంటిది నలుగురిలో తిరగకూడదన్నారాయన. అయితే పేరే తీసేద్దామని వదిన కలం అందుకుంది. తర్వాత ఆవిడ రాసిన ప్రతి కథలోనూ ఏదో ఒక చెట్టు విరగబూసింది, కింద పేరు మాత్రం ఏనాడూ లేదు.

ఆ సంచిక అన్ని ఇళ్లూ తిరిగి, కొందరు మొహం చిట్లించుకుంటూనే సంతకాలు పెట్టాక, చివర మా ఇంటికి వచ్చింది. అన్నయ్య దాన్ని డ్యూటీ పెట్టెలో పెట్టుకుని కర్గీ రోడ్ స్టేషను వైపు బండిలో వెళ్లాడు, రెండోనాడు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆ కథ పుటల మధ్య నలిగిన మోదుగ పువ్వు ఒకటుంది. ముందే ఏ ఇంట్లోనో ఎవరైనా పెట్టారో, అన్నయ్యే పెట్టాడో వదిన అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడు మోదుగ గురించి ఎలా రాసినా ఎవరూ కోప్పడరు, కోపం వచ్చేంత శ్రద్ధగా చదివేవాళ్లూ లేరు. అన్నయ్యా వదినా వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. సంచిక నా దగ్గరే ఉంది. పువ్వు మరక చెరగలేదు, సంతకాల కాగితంలో అన్నయ్య గడి ఖాళీగానే ఉంది.