ప్లూటో ఉన్న గోడ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను జహీరాబాద్ ప్రాంతంలో మండల విద్యాధికారిగా వేశారు. బడులు తనిఖీ చేయడం, లోపాలను తనిఖీ పుస్తకంలో రాయడం, రాసినవి సరిచేసినట్టు ప్రధానోపాధ్యాయుడి నుంచి అమలు నివేదిక తెప్పించుకోవడం నా పని. అంతకుముందు చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. తప్పు కంటపడితే నా కలం ఊరుకునేది కాదు. అదొక గొప్ప అనుకునేవాణ్ని.

న్యాల్‌కల్ వైపు ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు వెళ్లాను. వరండా గోడ నిండా సౌరకుటుంబం. గీసినవాడు చేయి తిరిగిన మనిషే. సూర్యుడి పక్కన చిన్న బుధుడు. తర్వాత శుక్రుడు, దట్టమైన గాలి వేడిని బయటికి పోనివ్వక బుధుడి కన్నా ఎక్కువ మండేది. మన భూమి. అంగారకుడికి రంగు కొనలేదు, ఇక్కడి చేలల్లోని ఎర్రమట్టినే జిగురులో కలిపి పూశాడు. అన్నిటికన్నా పెద్దదైన గురుడు, వలయాల శని, చలిలో తిరిగే యురేనస్, నెప్ట్యూన్. చిట్టచివర గోలీ అంత ప్లూటో.

ఏడో తరగతి పిల్లలను ఆ గోడ ముందే కూర్చోబెట్టి పాఠం చెప్పాను. తన దారిలో పడే ఇతర వస్తువులను తొలగించుకోలేదని 2006లోనే ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారని వివరించాను. వంటమనిషి మంచినీళ్లు తెచ్చిచ్చి పక్కనే నిలబడి విన్నది. వెళ్తూ పుస్తకంలో రాశాను: "గోడ చిత్రంలో గ్రహాలు తొమ్మిది ఉన్నవి. సరిచేయవలెను."

పది రోజుల్లో నివేదిక వచ్చింది: "సరిచేయబడినది." సంతకం చేసి ఫైల్లో పెట్టాను.

మళ్లీ వెళ్లేసరికి గోడంతా తెల్లగా ఉంది. మధ్యలో ఎనిమిది గ్రహాల ఫ్లెక్సీ మెరుస్తోంది. ఇదేమిటని అడిగితే ప్రధానోపాధ్యాయుడు కంగారుపడ్డాడు.

"మీరే రాసిన్రు గద సార్. ఒక్కటే తుడిస్తే మరక కనిపిస్తదని మొత్తం సున్నం కొట్టించిన."

అతన్ని ఏమనగలను? నా వాక్యంలో ఎంత ఉందో అంతా చేశాడు.

అన్నం వడ్డించడం అయ్యాక వంటమనిషి సంగమ్మ వచ్చింది. భర్త మాణిక్ హైవే మీద లారీలకు బొమ్మలు వేసేవాడట. బడికి ఊరికే గీసిచ్చిన ఏడాదే కామెర్లతో పోయాడట.

"ఆ చివరి చిన్నదొక్కటి తుడిస్తే అయిపోతుండె గద సార్," అన్నది. గొంతులో కోపం లేదు. "లారీలన్నీ యాడికో పోయినయ్. ఆయన చేతిది గిదొక్కటే మిగిలుండె."

ఫోటో ఏమైనా ఉంటే మళ్లీ గీయిద్దామన్నాను.

"గోడనే ఉండె గద సార్, ఇంక ఫోటో ఎందుకనుకున్న."

నాకు సిగ్గేసింది, ఏడుపు వచ్చింది. జీపెక్కేదాకా ఎవరి ముఖమూ చూడలేకపోయాను.

మిగిలిన సర్వీసులో "సరిచేయవలెను" అని ఊరికే రాయలేదు. ఏది మార్చాలో రాసి, ఏది ముట్టుకోకూడదో కూడా కింద రాశాను. రాసేముందు అది ఎవరి చేతి పని అని అడిగాను. మొదటిసారి వెళ్లిన రోజు కూడా అడగగలిగేవాణ్ని. సంగమ్మ ఖాళీ గ్లాసు కోసం నా పక్కనే నిలబడి ఉంది.