పెట్టె ప్లగ్గు పీకిందెవరు

2023 ఎండాకాలం. కళ్యాణదుర్గం బస్టాండు వెనక వీధిలో నా షాపు. బోర్డు మీద ‘ఫ్రీజర్ బాక్సులు అద్దెకు ఇవ్వబడును’ అని గౌరవంగా రాయించాను గానీ ఊళ్ళో అందరూ దాన్ని శవాల పెట్టె అంటారు, నన్ను పెట్టె రాజన్న అంటారు. పెళ్ళిళ్ళకు నన్ను పిలిచేవాళ్ళు తక్కువ. పిలిచినవాళ్ళు కూడా ‘పెట్టె బండి మాత్రం ఇంటికాడే పెట్టి రా అన్నా’ అంటారు. అలవాటైపోయింది.

ఈ పని ఎలా ఉంటుందని అడిగేవాళ్ళకు ముందు పెట్టె గురించి చెప్పాలి. పైన అద్దం మూత, కింద కంప్రెసర్. కంప్రెసర్ అంటే మీ ఇంట్లో ఫ్రిజ్ వెనక గుర్రుమంటూ ఉండే మోటారే. కాళ్ళ వైపు ఇనుప జాలీ ఉంటుంది, వేడి గాలి అందులోంచి బయటికి పోతుంది. పక్కన చిన్న డిస్‌ప్లే, లోపల ఎంత చల్లగా ఉందో అంకెల్లో చూపిస్తుంది. కరెంటు నిలకడగా ఉంటే పెట్టె తన పని తాను చేసుకుపోతుంది. చెడగొట్టేదంతా మనుషులే. వేలి ఉంగరం కోసం మూత ఎత్తినవాళ్ళను చూశాను. కాగితం మీద వేలిముద్ర కోసం ఎత్తినవాళ్ళనూ చూశాను. అందుకే చావింట్లో ఎవరినీ నమ్మను, ఏడ్చేవాళ్ళను అసలు నమ్మను.

ఆ రోజు పొద్దున్నే దగ్గర్లోని పల్లె నుంచి ఎర్రిస్వామి అనే ఆయన ఫోన్ చేశాడు.

“మా అన్న కొడుకు బెంగుళూర్లో పోయినాడప్పా. అంబులెన్సు వస్తాండాది. వాళ్ళమ్మ కువైట్‌లో ఉండాది, రేపు మధ్యాన్నానికి గానీ రాదు. అంతదాంక పెట్టె కావల్ల.”

పెట్టె బండికెక్కించుకుని పోయేసరికి ఆ ఇంటి ముందు తిరనాళ్ళలా జనం. ఊరివాళ్ళు కొద్దిమందే. మిగతా అంతా నల్ల చొక్కాలు, జులపాలు, చేతుల నిండా పచ్చబొట్లు. ప్రతి చొక్కా మీదా ఒకటే మాట, ‘కరువు’. పైగా ఒళ్ళు కాలిపోయే ఆ ఎండలో సగం మంది భుజాల మీద నల్ల కంబళ్ళు! మీరైనా అనుమానిస్తారు. వాటి కింద ఏం దాచారో అని ఒక్కొక్కరి చంకల వైపే చూస్తూ బండి దిగాను.

పోయినవాడి పేరు బీరేష్. ఉన్నట్టుండి గుండె ఆగిపోయిందట. రాక్ పాటలు పాడేవాడట. గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని గొంతు చించుకుని పాడేదాన్ని రాక్ అంటారని నాకు ఆ రోజే తెలిసింది. కరువు అనేది వాళ్ళ బ్యాండు పేరు. ఎవరైనా కోరి ఆ పేరు పెట్టుకుంటారా! మా నాయన ఆ మాట పొద్దుపూట నోటితో పలికేవాడే కాదు. బీరేష్‌ది గొర్లు కాసుకునే కుటుంబం, స్టేజీ ఎక్కినప్పుడల్లా నల్ల కంబళి భుజాన వేసుకునే పాడేవాడట. అందుకని ఈ అభిమానులూ కంబళ్ళు వేసుకుని వచ్చారు. ఇదంతా నాకు చెప్పింది కుళ్లాయప్ప అనే గడ్డం మనిషి. ధర్మవరంలో మగ్గం నేస్తాడు.

“అభిమానులు ఉండేకి ఆయప్ప ఏమన్నా సినిమా యాక్టరా?” అన్నాను.

“మాకు అంతకన్నా ఎక్కువన్నా.”

“ముప్పై ఏండ్లు కూడా లేవంట. గుండె ఎట్ల ఆగిపోతాది? అంతా కలిసి ఏం తాగుతాంటిరి?”

అతని ముఖం వాడిపోయింది. “టీ తప్ప ఏమీ తాగేటోడు కాదన్నా. పుట్టినప్పట్నుంచే గుండెలో లోపముండాదని డాక్టర్లు రాసిచ్చినారు. మాకెవరికీ తెలీదు.”

నేను నమ్మలేదు. ఆ మాట నిజమేనని ఎర్రిస్వామి కూడా చెప్పాక పైకి ఊరుకున్నాను, అంతే.

వసారాలో పెట్టె దింపి బీరేష్‌ను పడుకోబెట్టాం. ఎర్రిస్వామి నన్ను పక్కకు పిలిచాడు.

“మొగుడు పోయినంక మా వదిన కువైట్‌లో ఇండ్లల్లో పనికి పోయిందప్పా. అప్పుడు వీనికి ఎనిమిదేండ్లు. కడాసారి వచ్చిపోయి ఆరేండ్లాయ. ఫోన్లో ఒకటే మాట అడిగింది, నా కొడుకు ముఖం చెడిపోకుండా నాకు సూపీండని. నీకు దండం పెడ్తా, ముఖం మాత్రం కాపాడు.”

“ప్లగ్గు జోలికి ఎవరూ పోకుండా నువ్వు సూసుకో, ముఖం నేను సూసుకుంటా” అని చెప్పి షాపుకు వచ్చేశాను.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నానో లేదో ఫోన్. “ఏమప్పా, నీ పెట్టె సల్లగా లేదే!”

ఎంగిలి చెయ్యి కడుక్కుని మోటారుసైకిలు మీద పరుగెత్తాను. డిస్‌ప్లేలో అంకె ఎగబాకి కూర్చుంది. ప్లగ్గు నేల మీద పడి ఉంది. దాని పక్కనే స్విచ్‌బోర్డుకు జంక్షన్ బాక్సు తగిలించి నాలుగు ఫోన్లు ఛార్జింగ్ పెట్టారు. నాకు పిచ్చి కోపం వచ్చింది.

“మీకు బుద్ధుండాదా అప్పా? పీనుగ ప్లగ్గు పీకి ఫోన్లు పెట్టుకుంటారా? ఆయమ్మ కువైట్ నుంచి వచ్చి ఏం సూడల్ల?”

“మేం పీకలేదన్నా, ఖాళీగా ఉండే పాయింట్లోనే పెట్టినాం” అన్నాడు కుళ్లాయప్ప. దొరికినవాడు ఎవడైనా ఆ మాటే అంటాడు. జంక్షన్ బాక్సు పీకి వీధిలోకి విసిరేశాను. ఒకడు పోయి దాన్ని ఏరుకొచ్చి సంచిలో పెట్టుకున్నాడు, గొడవకు రాలేదు. అది ఇంకా అనుమానంగా ఉంది.

ప్లగ్గు పెట్టి, కంప్రెసర్ గుర్రుమన్నాక వీధి చివర టీకొట్టు దాకా పోయి వచ్చాను. వచ్చేసరికి పెట్టె మళ్ళీ మూగబోయింది. ప్లగ్గు మళ్ళీ నేల మీదే. ఈసారి ఫోన్లు కూడా లేవు.

అప్పుడు నా చూపు ఎర్రిస్వామి మీదికి మళ్ళింది. ‘పొద్దుగూకేలోపల మన్ను జేస్తే ఎట్లుంటాదప్పా?’ అని పొద్దున ఒకసారి నా చెవిలో వేశాడు. ముఖం చెడిపోయిందనుకోండి, ఆగాల్సిన పనే ఉండదు. వదిన వచ్చేలోపల అంతా ముగించేయడానికి ఈయనకు ఏం అవసరమో? భూమి తగాదా ఏమైనా ఉందేమో? దండాలు పెట్టేవాళ్ళనే ముందు చూడాలని నా అనుభవం. అడిగేశాను కూడా.

“నేనా? నా అన్న కొడుక్కా? ఈ ఎండకు ముఖం నిలవదేమోనని బయపడి అంటినప్పా” అని ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. చెప్పాను కదా, ఏడ్చేవాళ్ళను నేను నమ్మను.

ఇక లాభం లేదని ఒక కుర్చీ తెచ్చుకుని ప్లగ్గుకు ఎదురుగా కూర్చున్నాను. పెట్టెకు ఆ పక్క అభిమానులు గుంపుగా కూర్చుని బీరేష్ పాటలే నోట్లో సన్నగా పాడుకుంటున్నారు. గొర్ల మందను తోలుకుపోయేటప్పుడు కూసే కూత కూడా ఆ పాటల్లో ఉంది. వినడానికి బాగానే ఉంది గానీ చావింట్లో పాటలేమిటని నేను పళ్ళు కొరుకుతూనే ఉన్నాను. అభిమానులను ఒక కంట, ఎర్రిస్వామిని ఒక కంట చూస్తున్నాను. ఈ పక్క గోడకు ఆనుకుని గోనెపట్టా మీద ఒక ముసలవ్వ కూర్చుని ఉంది. బీరేష్ జేజి, వాళ్ళ నాయన తల్లి, మారెక్క. పొద్దున్నుంచి అక్కడే ఉంది. ఆమెను చూడాలని నాకు తోచలేదు.

ఆమె కొంగుతో పెట్టె అద్దం తుడిచింది. పెట్టె చల్లబడే కొద్దీ పైన అద్దానికి చెమట పడుతుంది, అది మామూలే. తుడిచి, చెయ్యి అద్దానికి ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకుంది. తర్వాత తన ఇంట్లో దీపం ఆర్పుకున్నంత మామూలుగా చెయ్యి వెనక్కి చాచి ప్లగ్గు లాగేసింది.

“ఏమవ్వా! పీకేది నువ్వా!” నా అరుపుకు పాట ఆగిపోయింది.

ఆమె బెదరలేదు. “నేనే. సలి పెడ్తాంది వానికి. సూడు, అద్దానికి మంచు కమ్మింది. మనిసన్నోడు ఎవడన్నా బిడ్డను ఇట్ల పెడ్తాడా?”

“సచ్చిపోయినోళ్ళకు సలి ఉండదవ్వా. పెట్టె ఆపితే ముఖం చెడిపోతాది. వాళ్ళమ్మ వస్తాంది కదా, సూడొద్దా?”

“వాళ్ళమ్మ దేశం పోయినప్పట్నుంచి వాన్ని సాకింది ఎవరనుకుంటివి? సన్నప్పట్నుంచి సలికి ఓర్సుకోడు. గొర్లకాడ పండుకుంటే నా కంబళి వానికే కప్పి నేను నెగడుకాడ కూసుంటాంటి. నాకు సెప్పొస్తావా నువ్వు!”

ఎర్రిస్వామి బతిమాలాడు, ఊరి పెద్దలు చెప్పి చూశారు. ఆమె ప్లగ్గును గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. చేతిలోంచి గుంజుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. అవతల అంకె పెరుగుతోంది. ఆ తల్లి ఎక్కడో విమానం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

కుళ్లాయప్ప లేచి వచ్చాడు. భుజం మీది కంబళి తీసి అవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు.

“అవ్వా, ఇది కప్పుదామా వానికి?”

అవ్వ కంబళిని వేళ్ళతో నలిపి చూసింది. “మంచి బొచ్చే” అంది. ఇద్దరూ కలిసి అద్దం మీద పరిచారు. ఇంకొకడు వచ్చి తనదీ కప్పాడు. ఒకరి వెనక ఒకరు కంబళి ఉన్నవాళ్ళంతా కప్పారు. అవ్వ అంచులన్నీ సర్ది, చాలనుకున్నాక, గుప్పిట విప్పి ప్లగ్గు నా చేతికిచ్చింది.

“జాలీ వైపు మాత్రం కప్పొద్దండప్పా, మోటారు కాలిపోతాది” అన్నాను. నోటికి వచ్చింది ఆ మాటే.

కాసేపటికి డిస్‌ప్లే చూస్తే అంకె మామూలు కంటే బిరబిరా దిగుతోంది. పెట్టెలో చలి ఎక్కువగా పోయేది అద్దంలోంచే, దుప్పటి కప్పితే లోపలే నిలుస్తుంది. ఇన్నేళ్ళ పనిలో నాకు ఆ ఆలోచనే రాలేదు, జనం ముఖం చూడాలి కదా అని అద్దం తెరిచే ఉంచుతాం.

ముఖం చూడడానికే సాయంత్రం బెంగుళూరు నుంచి ఇంకో గుంపు వచ్చింది. పెట్టె మీద కంబళ్ళ కుప్ప చూసి ఒకడు గొడవకు దిగాడు. “ఒక్కసారి సూసి పోతాం బ్రో, ఇంత దూరం వచ్చినాం.”

“తీస్తే అవ్వ ఊరుకోదు. ముందు వాళ్ళమ్మను సూడనీ” అన్నాడు కుళ్లాయప్ప. అతనూ పొద్దున అంబులెన్సులోంచి దించేటప్పుడు తోపులాటలో వెనకబడ్డాడు, తర్వాత అద్దం మీది చెమటలోంచి మసకగా తప్ప ముఖం చూడలేదట. వచ్చినవాళ్ళు వరసగా కంబళ్ళ మీద చెయ్యి ఆనించి, ఏడుస్తూ వెళ్ళారు. అంతమంది ఏడ్చినా, ఆ ఒక్కసారి నాకు అనుమానం రాలేదు. అయినా ప్లగ్గుకు మాత్రం టేపు చుట్టి, తెల్లారేదాకా దాని ఎదురుగానే కూర్చున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆ తల్లి హనుమక్క వచ్చింది. కారు దిగి, అన్ని నల్ల చొక్కాలను చూసి, దారి తప్పి వేరే ఇంటికి వచ్చానేమోనన్నట్టు నిలబడిపోయింది. మారెక్క ఒక్కొక్క కంబళీ తానే తీసి పక్కన పెట్టింది. నేను మూత ఎత్తాను. ముఖం చెక్కు చెదరలేదు.

హనుమక్క కొడుకు చెంప మీద చెయ్యి వేసి చాలాసేపు చూసింది. “ఫోన్లో కనపడేదానికన్నా సన్నబడిపోయినాడే అత్తా” అంది. తర్వాత ఏడ్చిన ఏడుపు నేను రాయలేను.

పూడ్చడానికి తవ్విన గుంత దగ్గర అవ్వ నా దగ్గరికి వచ్చింది. “ఏమప్పా పెట్టెయప్పా, మన్నులో సలి పెడ్తాదా?”

“లేదవ్వా. ఎండాకాలం మన్ను కదా, వెచ్చగుంటాది.”

ఆమె నన్ను కిందా మీదా చూసింది. “నీ మాట ఎట్ల నమ్మేది? నిన్నట్నుంచి వాన్ని మంచులో పెట్టినోడివి నువ్వే కదా” అని, చంకలోని తన పాత కంబళి తీసి గుంతలో పరవమని ఎర్రిస్వామికి ఇచ్చింది.

ఆ తర్వాత నా పని తీరు మారింది. ఎవరింటికి పోయినా పెట్టె దించి, ప్లగ్గు పెట్టే ముందు ఆ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుంటాను. ఇది ఎందుకో, ఏం చేస్తుందో, పోయినవాళ్ళకు చలి ఎందుకు వెయ్యదో చెబుతాను. కొందరు వింటారు. కొందరు మారెక్కలాగే నన్ను కిందా మీదా చూస్తారు. అలాంటివాళ్ళతో వాదించను. ‘మీ చేతులతోనే ఒక దుప్పటి కప్పండి’ అంటాను.