పెరట్లో హోమం, గడ్డి మీద కారు

ఈ రోజు పొద్దున బ్లూ మౌంటెన్స్ కొండల్లో మా చెల్లి మాధవి గృహప్రవేశానికి పోట్లాడాలనే వెళ్లాను. ఆహ్వానంలో ‘పెరట్లో హోమం’ అని ఉంది. వేసవి చివరికొచ్చినా ఈ వారమంతా వేడిగాలులేనని, కార్చిచ్చు ప్రమాదం తగ్గలేదని వాతావరణ సూచన. ఈ రోజైతే ఆరుబయట అగ్గిపుల్ల గీయడం కూడా నిషేధం. పైగా ఆ పెరటి గోడ దాటితే యూకలిప్టస్ అడవి! ఈ వేడిని పెంచే బొగ్గు గనులకు జై కొట్టే నాయకుల్నీ, ముహూర్తాల మూర్ఖుల్నీ కలిపి కడిగేయాలని దారంతా ఉపన్యాసం తయారుచేసుకున్నాను.

కారు దిగుతూనే మొదలుపెట్టాను. “పంతులుగారూ, మీ ముహూర్తం కోసం కొండంతా తగలబెడతారా?”

కొండ కింది టూంగాబీ పేట నుంచి వచ్చిన పంతులుగారు నవ్వారు. “హోమం వింటర్‌కి పోస్ట్‌పోన్ చేశామండీ. ఇవాళ ఇండక్షన్ స్టవ్ మీద పాలు పొంగించడమే.”

నేను తేరుకునేలోపే మాధవి గుమ్మంలోంచి అరిచింది. “అన్నా! స్పీచ్ తర్వాత, ముందు కార్ తియ్! ఎండుగడ్డి మీద పెట్టావ్, సైలెన్సర్ వేడికి అంటుకుంటే నా కొత్తిల్లు పోతుంది!”

పట్టుచీరలూ పంచెలూ అన్నీ ఒక్కసారిగా గొల్లున నవ్వాయి. పరుగెత్తి కారు తీసి తారు రోడ్డు మీద పెట్టాను.

పాలు చక్కగా పొంగాయి. పులిహోర తింటూ బొగ్గు గనుల మీద నా ఉపన్యాసం ఇచ్చే తీరాను. ఒక్కరూ కాదనలేదు, పంతులుగారైతే చప్పట్లు కూడా కొట్టారు. ఇంత కోపం మోసుకెళ్లినవాణ్ణి ఇలా అవమానించడం న్యాయమేనా, మీరే చెప్పండి!