మోడల్ గదిలో కుళాయి

నిజాంపేటలోని ఆ ఫ్లాటులో పొద్దున్నే ఓబులేసు గొంతు లిఫ్టు దాకా వినిపించింది.

"చూడకుండానే చేర్పిస్తావా? అది పిల్లా, పార్సిలా?"

అల్లుడు రవికిరణ్ ఫోను చూపించాడు. "యూనివర్సిటీ అంతా ఇందులోనే ఉంది మామా. హాస్టలు, ల్యాబు, క్యాంటీను. అంత దూరం పోవడం దండగ. సాయంత్రం అప్లికేషన్ పెట్టేస్తా."

రవికిరణ్ హైటెక్ సిటీ ఆఫీసులో కూర్చొని గోపన్‌పల్లిలో ఫ్లాట్లు అమ్ముతాడు. ఆదివారమొస్తే కొనేవాళ్ళను కారెక్కించి మరీ సైటుకు తీసుకుపోతాడు.

"ఊరోళ్ళకు సైటు చూపిస్తావు, నీ బిడ్డకు బొమ్మ చాలునా? మా పల్లెలో పదో తరగతి గట్టెక్కిన మొదటోణ్ణి నేను. రెండుమార్లు సర్పంచిని. కాగితం మీదే చూసి హైస్కూలును నీళ్ళు పారే వంకలో కట్టమంటే, కలెక్టరును నడిపించుకుపోయి మోకాటిలోతు బురదలో నిలబెట్టినా. అందుకే ఈ పొద్దు ఆ బడి గట్టు మీదుంది!"

"కలెక్టరు కథ కార్లో చెబుదువు, పద తాతా," అంది భార్గవి. బయోటెక్నాలజీ చదవాలని ఉబలాటపడుతున్నది ఆ పిల్లే.

విశ్వవిద్యాలయం అద్దాల మేడలా మెరిసిపోతోంది. శ్రీలత అనే ఉద్యోగిని నవ్వుతూ హాస్టలు గది చూపించింది. తెల్ల దుప్పటి, బల్ల మీద పూలకుండీ. ఓబులేసు తిన్నగా స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు.

"ఇది మోడల్ రూమండీ. పిల్లలుండేది వేరే బ్లాకు."

"అది చూపించు."

"పర్మిషన్ లేదండీ."

"కలెక్టరునే బురదలో దించినోణ్ణి! నాకు పూలకుండీ చూపిస్తావా?" ఆయన కేక వరండా అంతా మోగింది.

రవికిరణ్ తల దించుకున్నాడు. అతను చూపించే మోడల్ ఫ్లాటులోనూ కుళాయికి పైపుండదు.

ఈ గొడవలో భార్గవి, మెట్లు దిగుతున్న ఒక విద్యార్థినిని ఆపింది. "అక్కా, బయోటెక్ ల్యాబెక్కడ?"

"ల్యాబా? వచ్చే ఏడు కడ్తరంట. మేం చేరినప్పటి సంది గదే చెప్తున్నరు."

భార్గవి వెనక్కొచ్చి తాత చెయ్యి పట్టుకుంది. "కుళాయి సంగతి వదిలెయ్ తాతా. ఇక్కడ ల్యాబే లేదంట."

ల్యాబు సంగతి అడగాలని ఓబులేసుకు తట్టనేలేదు. మనవరాలి మీద గర్వం, తన మీద మంట, రెండూ కలిసి ముఖం కందగడ్డయింది.

కార్లో రవికిరణ్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటుంది మామా. ఫోన్లో అయితే..." అంటూ నాలిక్కరుచుకున్నాడు. "రేపు పోయి చూద్దాం."

"రేపేంది? ఇప్పుడే తిప్పు బండి!" అని గద్దించాడు ఓబులేసు. "ఈసారి ముందు ల్యాబు. కుళాయి తర్వాత."