పచ్చ పెట్టెలకు ఎర్ర బొట్లు

ఆటోనగర్ రేకుల షెడ్డులో పనికి చేరిన కొత్తల్లో నాకు ప్రతిదీ పండగే. ఇప్పుడు తలుచుకుంటే అంత సంబరం ఒంట్లో ఎక్కడ పట్టేదా అనిపిస్తుంది. అక్కడ రంగులేసే మా పిన్నే నన్నూ చేర్పించింది. లారీల పనిముట్ల పెట్టెలు చేసుకునే మా షెడ్డుకు సైన్యం సామాను దాచుకునే ఇనప పెట్టెలు చేసే ఆర్డరొచ్చిందంటే చూడండి! (నేనే తుపాకీ పట్టుకుని సరిహద్దుకు వెళుతున్నట్టు వీధంతా చెప్పుకున్నాను.) మొదటి సరుకు శనివారానికల్లా పాసైతేనే తర్వాతి ఆర్డరు మాది, లేకపోతే షెడ్డు మూతేనని ఓనరు గారు ముందే చెప్పారు.

సైన్యం తరఫున తనిఖీకి వచ్చే పెద్దమనిషి జేబులో పెన్నుకు బదులు ఇనప స్కేలుండేది, అందుకని మేం స్కేలయ్య గారనేవాళ్ళం. ఆయన వచ్చే గురువారం పొద్దున్నే పిన్ని పసుపూ కుంకుమా నూనెలో కలిపింది. కొత్త లారీకైనా బొట్టు పెట్టకుండా గడప దాటించని వాళ్ళం, ఇక సైన్యానికి పోయేవి వదులుతామా? ఆ పచ్చటి పెట్టెలన్నిటికీ నేనే దట్టంగా పెట్టాను.

స్కేలయ్య గారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏంటమ్మా ఇది! ఇవి చెట్లల్లో దాక్కోవాలి, పెళ్ళిపీటలెక్కవు."

"మొదటి సరుకు కదండీ, బోసిగా ఎట్టా పంపుతాం?" అంది పిన్ని.

"భోంచేసొస్తా, ఈలోగా తుడిచేయండి."

నేనాగుతానా? రంగు పలచన చేసే థిన్నరు సీసా ఎత్తాను. బొట్లు పోయాయి. వాటితోపాటు రంగూ పోయింది. ప్రతి పెట్టె మీదా రూపాయి బిళ్ళంత ఇనుము తళతళా మెరుస్తోంది!

స్కేలయ్య గారు భోంచేసొచ్చి, మూతలు బిగించి నీళ్ళలో ముంచి చూశారు, ఒక్క చుక్క లోపలికి దిగలేదు. "పని బంగారం. రంగు మాత్రం మళ్ళీ వేయాల్సిందే."

"లాభమంతా రంగులోకే పోతుందండీ," అన్నారు ఓనరు గారు నీరసంగా.

"అందరూ ఇట్టా ఒకే పని రెండుసార్లు చేసి, ఆ ఖర్చు రేటులో కలిపితే చివరికి కట్టేదెవరండీ? పన్నులు కట్టే మనమే. చివర్లో తుడుచుకోవడం కాదు, ముందే చూసుకోవాలి." మా ముఖాలు చూసి ఆయన మెత్తబడ్డారు. పెట్టెలు కొలిచే బల్ల చూపించి, "బొట్టు పెట్టాలనిపిస్తే దీనికి పెట్టమ్మా. తప్పు పట్టుకునేది ఇదే," అన్నారు.

శుక్రవారమంతా బ్రష్షు దించలేదు. శనివారం పాసయ్యాయి! లారీ ఎక్కిస్తుంటే నేనేసిన ఈలకు పక్క షెడ్లవాళ్ళూ బయటికొచ్చారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం బల్లకే బొట్టు. రేకు కోసినా, అతికినా ఆ బల్ల మీద కొలిచాకే ముందుకు పంపేవాళ్ళం. ఏ దశ తప్పు ఆ దశలోనే దొరుకుతుంటే సరుకు వెనక్కి రావడం తగ్గింది, పని పరుగెత్తింది.

ఇప్పటికీ హైవే మీద మిలటరీ లారీ కనపడితే మెడ చాచి చూస్తాను. తుడవడం మరిచిపోయిన ఒక్క బొట్టన్నా ఎక్కడైనా మిగిలిందేమోనని, నాలోని ఆ పిచ్చిపిల్లకు ఇంకా ఆశ.