నైట్రోజనే ఎందుకు?

మా వీధిలో పాత సిమెంటు రోడ్డును బ్రేకర్‌తో పగలగొడుతున్నారు. కిటికీ మూసినా సన్నటి దుమ్ము నోట్లోకి చేరుతోంది. ఆ రుచి తగలగానే యాదగిరి సార్ గుర్తొచ్చారు.

ఎనభైల చివర్లో వరంగల్‌లో డిప్లొమా ముగించి, రఘునాథపల్లి దగ్గర కాలువ తవ్వే పనిలో చేరాను. అక్కడి యంత్రాలన్నీ సార్ చూసుకునేవారు. ఎక్స్‌కవేటర్ చేతికి తగిలించి బండను పగలగొట్టే హైడ్రాలిక్ బ్రేకర్ అప్పట్లో మా అందరికీ కొత్త. దాని తలలో గ్యాసు నింపుతారని విని, అదెందుకని అడిగాను. సార్ సైకిల్ పంపు తెప్పించి, దాని మూతిని వేలితో మూసి, నా చేత పిడి నొక్కించారు. వదలగానే పిడి పైకి తన్నుకొచ్చింది.

"చూసినవా బిడ్డా? లోపల పిస్టన్ పైకి పోతే గ్యాసు నలుగుతది. మళ్ల పిస్టన్‌ను కిందికి తంతది. గ్యాసు తక్కువైతే దెబ్బల జోరుండదు. ఎక్కువైతే పిస్టన్ సక్కగ పైకే పోదు."

"మరి వేడెక్కితే ప్రెషర్ పెరగదా సార్?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "పెరుగుతది! అందుకే పొద్దుగాల సల్లగున్నప్పుడే చూడాలె. ఇంకా అడుగు."

వానలు దగ్గరపడుతున్నాయి. కాలువకు అడ్డంగా పెద్ద బండ మిగిలింది. ఒక ఉదయం చూస్తే బ్రేకర్‌లో గ్యాసు బాగా తగ్గింది. అందులో నింపే నైట్రోజన్ సిలిండర్ ఖాళీ. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. ఆపరేటర్ సాంబయ్య వెల్డింగ్ షెడ్డు వైపు చెయ్యి చూపాడు.

"ఆక్సిజన్ ఉన్నది గద సార్. గ్యాసు గ్యాసే గద, నింపుదాం."

కాంట్రాక్టర్ వెంటనే సరేనన్నాడు. సార్ మాత్రం కదల్లేదు.

"జర ఆగుండ్రి. నైట్రోజనే నింపాలని పుస్తకంల ఉన్నది. ఎందుకో నాకూ తెల్వది. తెల్వకుంట నింపొద్దు."

కాంట్రాక్టర్ అరుస్తూనే ఉన్నాడు. సార్ నన్ను వెంటబెట్టుకుని వరంగల్ బస్సెక్కారు. ఇంజనీరింగ్ కాలేజీలో తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్ మా మాట వినగానే కుర్చీలోంచి లేచాడు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే పేలిపోతుందని, నైట్రోజన్ దేనితోనూ అంత తేలిగ్గా కలవదని చెప్పాడు. బ్రేకర్ నిండా నూనే.

తిరిగొచ్చి చెప్పగానే సాంబయ్య నేల మీద కూర్చుని క్యాబిన్ వైపు చూశాడు. "ఎదురుంగ క్యాబిన్‌ల కూసునేది నేనే గద సార్."

సార్ అతని పక్కనే కూర్చున్నారు. "నువ్వు ఆ మాట అన్నవు కాబట్టే తెల్సుకున్నం సాంబయ్యా. లేకుంటే నేను సుత అడగకపోదును."

నైట్రోజన్ వచ్చేదాకా పని ఆగింది. కాంట్రాక్టర్ తిట్లన్నీ సార్ పడ్డారు. తొలి వానకు ముందే బండ పగిలింది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు ఒక్కోసారి తప్పు సలహా ఇస్తారు. పక్కవాళ్లు నవ్వుతారు. నేను నవ్వను. "ఎందుకు కాదో కనుక్కుందాం పదండి" అని లేస్తాను.