అల్లుడుగారి పనితనం

మా బావ ఇస్త్రీ పని చేస్తాడు. ఇంటి ముందుగదే కొట్టు. ఆయన చొక్కా మడత పెట్టాడంటే, దాన్ని విప్పి తొడుక్కోవడానికి మనసొప్పదు. అంత నేర్పరి. ఇంటి సంగతుల్లో మాత్రం ఆ నేర్పు మచ్చుకైనా కనిపించదు. మరదలిని కాబట్టి ఈ మాత్రం అనే హక్కు నాకుంది.

బావ ఒకసారి ఎక్కడినుంచో పిల్లికూనను పట్టుకొచ్చాడు. వీధిలో బళ్లు తిరుగుతాయని గుమ్మం దాటనివ్వలేదు. అది పెరిగి గండుపిల్లయింది. మంచి కుర్చీ ఆక్రమించింది. పెట్టినదాన్ని వాసన చూసి అలగడం మరిగింది. మా అక్కకి ఇద్దరూ మగపిల్లలే. ఆ లోటు తీరేలా పిల్లికి అల్లుడుగారని పేరు పడింది.

ఒకరోజు అల్లుడుగారు హేంగరుకి వేలాడుతున్న చొక్కాలవైపు వీపు తిప్పి నిలబడి, తోక నిటారుగా ఎత్తి, దాన్ని వణికిస్తూ సన్నగా చిమ్మారు. మరొకరైతే ముక్కు మూసుకునేవారు. మా బావ మురిసిపోయాడు. తాను పొద్దస్తమానం సీసాతో బట్టలమీద నీళ్లు చిమ్మడం చూసి పిల్లి పని నేర్చుకుందట!

“చూశావా మరదలు పిల్లా, నా కొడుకులకి అబ్బని పని వీడికి అబ్బింది!” అన్నాడు.

ఏళ్ల తరబడి ఆవిరి పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో చేతులెత్తేసింది. ఆరాక అంతగా తెలియని ఆ కంపు, వేడి తగిలితే లేచి కూర్చునేది. ప్లీడరుగారు నల్లకోటు తెచ్చి బల్లమీద పడేశారు. తనకు చెమట పట్టేసరికి కోర్టులో పక్కవాళ్లంతా కుర్చీలు మార్చుకున్నారట. ఆయనతోపాటు ఆ వీధి బట్టలన్నీ వేరే కొట్టుకి వెళ్లిపోయాయి. అక్క గోడలు ఫినాయిల్‌తో కడిగేది. అల్లుడుగారు వచ్చి వాసన చూసి, నచ్చక, మళ్లీ తమదే చల్లేవారు.

పిల్లుల డాక్టరమ్మ నవ్వి చెప్పింది. “పనీ కాదు, పాడూ కాదు. ఈడొచ్చిన మగపిల్లి ఇదంతా నాదేనని చాటుకోవడం అది. ఆపరేషన్ చేయిస్తే చాలావరకు మానేస్తుంది.”

బావ పిల్లిని చంకనేసుకుని ఇంటికొచ్చేశాడు. మగపుట్టుక పుట్టినవాడికి అంత అన్యాయం చేయలేనన్నాడు. ఆ సాయంత్రమే అక్క నాలుగు బట్టలు సంచిలో కుక్కుకుని మా ఇంటికి వచ్చేసింది. పిల్లికి ఆపరేషన్ జరిగేదాకా గుమ్మం తొక్కనంది. అక్క ఉత్తుత్తి బెదిరింపులకు దిగే మనిషి కాదు. ఇది నిజంగానే తెగేలా ఉందని నాకు భయం వేసింది.

మర్నాడు బావ బతిమాలడానికి వచ్చాడు.

“నోరులేని జీవమే అది. దాన్ని అడక్కుండా ఎలా కోయిస్తాం?”

“నన్నడిగావా?” అంది అక్క.

చిన్నాడు పుట్టాక, ఇక పిల్లలు చాలని ఆపరేషన్ చేయించుకున్నది అక్క. ఇద్దరిలో ఎవరు చేయించుకోవాలన్న మాటే ఆ ఇంట్లో రాలేదు. ఆస్పత్రిలో తోడున్నది నేను. బావ బట్టలన్నీ ఇస్త్రీ చేసి, ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చేసి, తీరిగ్గా సాయంత్రం వచ్చాడు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

బావ లేచి వెళ్లిపోయాడు. తెల్లారాక కొట్టు మూసి, పిల్లిని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడని ఎవరో చెబితే మేమిద్దరం వెళ్లాం. పిల్లి లోపల ఉంది. ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుని బావ బయట బెంచీమీద కూర్చున్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“పిల్లికోసం కొట్టు మూశావన్నమాట,” అన్నాను. నోరు ఊరుకోదు కదా.

బావ నావైపు చూడలేదు. అక్క పక్కన కూర్చుంటే, తలెత్తకుండానే అడిగాడు.

“నీకప్పుడు... బాగా నొప్పెట్టిందా?”

“పెట్టింది,” అంది అక్క. అని, ఏడ్చేసింది.